కొస ఆమె చేతిలో



పట్టుగూళ్ల నుంచి దారం తీసే చోట మీరెప్పుడైనా కాసేపు నిలబడి చూశారా? హిందూపురం చుట్టుపక్కల రీలింగ్ యూనిట్లలో అడుగు పెట్టగానే ముందు ఆవిరి ముఖానికి తగులుతుంది, ఆ వెనకే ఉడికిన గూళ్ల వాసన. వేడినీళ్లలో తేలుతున్న గూళ్లను ఒక ఆడమనిషి చిన్న కుచ్చుతో అలా అలా తాకిస్తూ ఉంటుంది. ఆమె వెతికేది కొస కోసం. కొస దొరికేదాకా గూడు గట్టిగా బిగుసుకునే ఉంటుంది. కొస చేతికి చిక్కిందా, ఇక ఎక్కడా తెగకుండా పోగు వస్తూనే ఉంటుంది. మేలు రకం గూడైతే వెయ్యి మీటర్ల దాకా ఒకే పోగు. ఎనిమిదో పదో గూళ్ల పోగులు కలిస్తే మనం చూసే దారం.

మాది రొళ్ల. అటు మడకశిర, ఇటు హద్దు దాటితే కర్ణాటకలోని శిర. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడ, రెండూ మావే. పట్టుపురుగుల మధ్య పెరిగినదాన్ని. రాత్రి మెలకువ వస్తే ముందు చెవిన పడేది పురుగులు ఆకు నమిలే సవ్వడి. నాలుగో జ్వరం లేచిన, అంటే నాలుగోసారి కుబుసం విడిచిన, పురుగుకు ఆకలి ఎక్కువ, దానికి పగలూ రాత్రీ తేడా లేదు. అర్ధరాత్రి దాటాక లేచి మల్బరీ ఆకు పరవడం మా అమ్మ పని. పురుగు పండాక చంద్రికల మీద, అంటే అది గూడు అల్లుకునే తట్టల మీద, వేయడం, గూళ్లు విడిపించడం, ఏరడం ఇంటిల్లిపాదీ చేసేవాళ్లం. అమ్మ మాత్రం ఒక గూడు తీసుకుని చెవి దగ్గర పెట్టి ఆడించేది. లోపల పురుగు గలగలమంటే గూడు ముదిరినట్టు. నా చెవి దగ్గర కూడా పెట్టేది. ఆ గూళ్లు మార్కెట్టుకు పోతాయని, ధర్మవరంలో చీరలవుతాయని, ఎవరి పెళ్లిలోనో మెరుస్తాయని అంతవరకే నాకు తెలుసు.

ఇదే పట్టు ఒకప్పుడు మనుషుల్ని ఆకాశం నుంచి క్షేమంగా నేలకు దింపిందని చాలా ఏళ్లకు చదివాను. ఆ పట్టును నమ్ముకుని విమానం నుంచి దూకిన మొదటి మహిళ గురించి చెప్పాలనే ఈ రోజు మీ ముందుకు వచ్చాను. లోకం ఆమెను టైనీ బ్రాడ్విక్ అని పిలిచింది. టైనీ అంటే చిట్టి అని అర్థం.

ఆమె అసలు పేరు జార్జియా ఆన్ థాంప్సన్. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని ఒక పల్లెలో 1893 ఏప్రిల్ 8న పుట్టింది. ఏడుగురు ఆడపిల్లల్లో ఆఖరుది. పుట్టినప్పుడు బరువు 3 పౌండ్లు, అంటే కిలోన్నరకు కూడా తక్కువ. బతికితే చాలనుకునే పిల్ల బతికింది, చిట్టి అన్న పేరు మాత్రం పోలేదు. పెద్దయ్యాక కూడా ఐదడుగులు దాటలేదు, నలభై కిలోలు తూగలేదు.

పన్నెండేళ్లకు పెళ్లి చేశారు. పదమూడేళ్లకు ఒక ఆడపిల్లకు తల్లి అయింది. కొద్ది కాలానికే ఆ బిడ్డను పెంచే భారం ఒంటరిగా ఆమె మీద పడింది. హెండర్సన్ అనే ఊళ్లో నూలు మిల్లు ఉండేది. అక్కడ రోజుకు 14 గంటల పని. చెవులు దిబ్బళ్లు పడే మరల మోత, గాలి నిండా దూది నుసి. వింటున్న అమ్మలారా, ఈ మాటలు మీకు పరాయివిగా అనిపిస్తున్నాయా? నాకైతే అనిపించలేదు. దేశం పేరు, ఊరి పేరు తీసేస్తే మన మండలాల్లో ఎన్నో ఇళ్లలో విన్న కథే ఇది. ఆ వయసుకు ఆ పిల్ల బతుకులో ఏ కొసా ఆమె చేతిలో లేదు. పెళ్లి ఎవరో నిశ్చయించారు. నిద్ర లేచే వేళ మిల్లు కూత నిర్ణయించింది.

1907లో ర్యాలీ పట్నంలో సంత జరిగింది. అక్కడికి చార్లెస్ బ్రాడ్విక్ అనే ఆయన తన బృందంతో వచ్చాడు. పెద్ద గుడ్డ బెలూనులో వేడిగాలి నింపుతారు. దాని కింద కర్ర పట్టుకుని మనిషి వేలాడుతూ పైకి పోతాడు. బెలూను ఎక్కినంత ఎత్తు ఎక్కాక, దాని నుంచి విడివడి పారాచూట్‌తో దిగివస్తాడు. జనం నోరు తెరుచుకుని చూసే వింత అది. అందరూ చూసి ఇళ్లకు పోయారు. టైనీ మాత్రం నేరుగా బ్రాడ్విక్ దగ్గరికి వెళ్లి, నన్ను కూడా చేర్చుకోమని అడిగింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఈ కథ చెప్పేవాళ్లు సాధారణంగా ఇక్కడి నుంచి నేరుగా ఆకాశంలోకి వెళ్లిపోతారు. కింద ఇంటి దగ్గర ఏం జరిగిందో కూడా చూడాలి. ఆ పిల్లకు తల్లి ఉంది. తల్లి ఒప్పుకుంటేనే ప్రయాణం. బిడ్డను నేను చూసుకుంటాను, నువ్వు సంపాదించి బిడ్డకు డబ్బు పంపు, ఇదీ ఆ తల్లి పెట్టిన షరతు. కూతురు పంపే డబ్బు కోసమే ఒప్పుకుందని ఎవరైనా అనవచ్చు. ఆ రోజుల్లో ఆ ఊళ్లో సంత బృందంతో వెళ్లిపోయిన ఆడపిల్ల గురించి నలుగురూ ఏమనుకుని ఉంటారో ఊహించండి. ఆ మాటలన్నీ ఊళ్లోనే ఉండిపోయిన తల్లి పడాలి. పైగా చంటిపిల్లను సాకాలి. పారాచూట్ మనిషిని పైకి ఎక్కించదు, దిగేటప్పుడు కాపాడుతుంది. టైనీకి గుడ్డతో కుట్టిన పారాచూట్ దొరకక ముందే తల్లి ఇల్లు అనే పారాచూట్ దొరికిందని నేను అనుకుంటాను.

1908 డిసెంబరు 28న, పదిహేనేళ్ల వయసులో, టైనీ మొదటిసారి బెలూను నుంచి దూకింది. బ్రాడ్విక్ ఆమెను చట్టప్రకారం దత్తత తీసుకున్నాడు. అప్పటి నుంచి ఆమె టైనీ బ్రాడ్విక్. ఊరూరా ప్రదర్శనలు. జనం కోసం ఆమెకు కుచ్చుల గౌను, రిబ్బన్లు, చిన్నపిల్లల టోపీ వేసి, బొమ్మపిల్ల అని పేరు పెట్టి చాటింపు వేసేవారు. ఆ వేషం ఆమెకు బొత్తిగా నచ్చేది కాదు. పదిహేనేళ్లకే ఒక బిడ్డ తల్లి, మిల్లులో చేతులు కాయలు కాచిన మనిషి, ఆమెను బొమ్మలా అలంకరించి చూపించారు. ఆకాశంలో ఒంటరిగా వేలాడే ఆ కొన్ని నిమిషాలు మాత్రం ఆమెవే.

దిగడం ప్రతిసారీ పూలపాన్పు మీద కాదు. గాలి ఎటు తోస్తే అటు. ఒకసారి గాలిమర మీద, ఇంకోసారి పోతున్న రైలు పెట్టె మీద, మరోసారి కరెంటు తీగల్లో. ఎముకలు విరిగాయి, భుజం కీలు తప్పింది. కట్టు విప్పగానే మళ్లీ బయలుదేరింది.

ఆ కాలంలోనే విమానాలు ఎగరడం మొదలైంది. గ్లెన్ మార్టిన్ అనే విమాన నిర్మాత ఆమె విన్యాసాలు చూసి, నా విమానం నుంచి దూకుతావా అని అడిగాడు. 1913 జూన్ 21న లాస్ ఏంజెలస్‌లోని గ్రిఫిత్ పార్కు మీదుగా ఆయన విమానం 2,000 అడుగుల ఎత్తుకు వెళ్లింది. మన రత్నగిరి కోట ఎక్కి కింద పొలాలను చూస్తే మనుషులు చీమల్లా కనిపిస్తారు కదా. అంతకన్నా చాలా ఎక్కువ ఎత్తు. ఆనాటి విమానానికి తలుపులు లేవు, గోడలు లేవు, కర్రలు, తీగలు, గుడ్డ. రెక్క వెనక, బయటి పక్కన, ఆమె కోసం ఒక వేలాడే పీట కట్టారు. టైనీ దానిమీద కూర్చుంది. ఒంటిమీద కాన్వాసు కోటు, ఆ కోటు వీపు మీద మడతలు పెట్టి సర్దిన పట్టు పారాచూట్. ఆ కోటు తయారుచేసింది బ్రాడ్విక్. చోటు రాగానే పక్కనున్న మీట లాగింది. కూర్చున్న పీట కిందికి జారిపోయింది. ఆమె గాలిలోకి పడింది. వీపు మీది పట్టు విచ్చుకుంది. విమానం నుంచి పారాచూట్‌తో దూకిన మొదటి మహిళ అయింది. షికాగో దగ్గర మిషిగన్ సరస్సు నీళ్లలోకి దిగిన మొదటి మహిళా పారాచూటిస్టు కూడా ఆమే.

గ్రిఫిత్ పార్కు మీద దూకిననాటికి ఆమెకు ఇరవై ఏళ్లు. జనం అక్కడికే చప్పట్లు కొట్టారు. అయితే ఆమె జీవితంలో నా మనసులో నాటుకుపోయిన రోజు అది కాదు. ఇంకో ఏడాది తర్వాత వచ్చింది.

1914లో అమెరికా సైన్యం వాళ్లు శాన్ డియేగోలోని నార్త్ ఐలండ్ విమానస్థావరానికి ఆమెను పిలిపించారు. విమానం చెడిపోతే పైలట్ బతికి బయటపడే మార్గం ఉందో లేదో చూపించమన్నారు. ఆ రోజుల్లో పారాచూట్ తెరుచుకునే పద్ధతి ఏమిటంటే, దాని సంచికి ఒక తాడు, ఆ తాడు రెండో కొస విమానానికి కట్టి ఉంటుంది. మనిషి దూకగానే తాడు బిగుస్తుంది, సంచిని తెరుస్తుంది, ఆ లాగుడుకు పారాచూట్ బయటికి వస్తుంది. దూకే మనిషి ఏమీ చేయనక్కర్లేదు. విమానానికి కట్టిన తాడే అన్నీ చూసుకుంటుంది. మొదటి మూడుసార్లు అంతా సవ్యంగా జరిగింది.

నాలుగోసారి గాలికి ఆ తాడు విమానం తోకకు చుట్టుకుంది. టైనీ విమానం బయట వేలాడుతూ ఉండిపోయింది. తిరిగి విమానంలోకి ఎక్కడానికి లేదు, కిందికి పోవడానికి లేదు. తనను కాపాడాల్సిన తాడే తనను పట్టుకుని ఊపుతోంది. పైన మర మోత, చుట్టూ ఈడ్చి కొట్టే గాలి. ఇరవై ఒక్క ఏళ్ల పిల్ల. ఆమె ఆ తాడును కోసేసింది. అయితే మొత్తం వదిలేయలేదు. సంచి వైపు కాస్త మిగిలేలా కోసి, ఆ మిగిలిన ముక్క కొసను చేత్తో పట్టుకుంది. కిందికి రాయిలా పడిపోతూ, విమానానికి దూరమయ్యాక, తన చేత్తోనే ఆ కొసను లాగింది. పట్టు విచ్చుకుంది.

విమానంతో సంబంధం లేకుండా, కొంత దూరం ఊరికే పడుతూ వచ్చి, తర్వాత తన చేత్తో పారాచూట్ తెరుచుకోవచ్చని ఆ పూట తేలింది. విమానం నుంచి అలా దిగిన మొదటి మనిషిగా చరిత్ర ఆమె పేరే చెబుతుంది. ఈ రోజు సైనికులు, ఆటగాళ్లు లాగే తాడు కొస చేసే పనినే ఆనాడు టైనీ పిడికిట్లో మిగిలిన తాడు ముక్క చేసింది.

ఆ రోజు గురించి చదివిన ప్రతిసారీ నాకు రీలింగ్ యూనిట్లో వేడినీళ్ల ముందు కూర్చున్న ఆడమనిషి గుర్తొస్తుంది. కొస చేతికి దొరికేదాకా బతుకు బిగుసుకుపోయిన గూడే.

ఇంత చూపించినా పెద్దలు వెంటనే కళ్లు తెరవలేదు. అదే ఏడాది మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. బెలూన్లలో కూర్చుని శత్రువు కదలికలు చూసేవాళ్లకు పారాచూట్లు ఇచ్చారు కానీ, బ్రిటన్, అమెరికా పైలట్లకు ఆ నాలుగేళ్ల యుద్ధంలో ఇవ్వలేదు. మండుతున్న విమానంలో దూకే దారి లేక ఎందరో యువకులు కాలిపోయారు. ఒక చిన్న పిల్ల సైన్యాధికారుల కళ్లముందు దూకి చూపించిన దారి అది. దాన్ని పట్టించుకోవడానికి ఎన్ని ప్రాణాలు పోవాల్సి వచ్చిందో తలచుకుంటే నా గొంతు పట్టేస్తుంది.

టైనీ 1922లో దూకడం మానేసింది. చీలమండలు ఇక తట్టుకోలేకపోయాయి. అప్పటికి 1,100 సార్లకు పైగా దూకింది. తర్వాత మళ్లీ కర్మాగారాల్లో పనిచేసుకుంటూ బతికింది. 1964లో తన పట్టు పారాచూట్ ఒకటి వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థ వాళ్ల విమాన ప్రదర్శనశాలకు ఇచ్చింది. 1978లో, ఎనభై ఐదేళ్ల వయసులో కన్నుమూసింది. ఆమెను తీసుకొచ్చి హెండర్సన్‌లోనే ఖననం చేశారు, పసితనంలో 14 గంటలు నిలబడి పనిచేసిన ఆ మిల్లు ఊళ్లోనే.

శ్రోతలారా, పారాచూట్ చరిత్రలో స్త్రీల చేతులు మొదటి నుంచీ ఉన్నాయి. 1799లో ఫ్రాన్సులో జాన్ లాబ్రోస్ అనే యువతి 900 మీటర్ల ఎత్తు నుంచి పారాచూట్‌తో దిగింది. స్త్రీలలో ఆమే మొదటిది. జర్మనీలో కేథ్ పౌలుస్ అనే కుట్టుపని చేసుకునే ఆమె ఉండేది. ఆమె పెళ్లాడబోయే మనిషి 1894లో పారాచూట్ తెరుచుకోక ఆమె కళ్లెదుటే చనిపోయాడు. ఆమె కుంగిపోయి కూర్చోలేదు. సూదీ దారం తీసుకుని, పారాచూట్‌ను చక్కగా మడిచి సంచిలో ఇమిడించే పద్ధతిని మెరుగుపరిచింది. మొదటి ప్రపంచ యుద్ధంలో సుమారు 7,000 పారాచూట్లు ఆమె పర్యవేక్షణలో తయారయ్యాయి. బెలూన్లలో చిక్కుకున్న ఎందరో సైనికులు ఆ కుట్ల మీద ప్రాణం పెట్టి బయటపడ్డారు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి జపాన్ పట్టు ఆగిపోయింది. అప్పుడు మన పొరుగున మైసూరు సంస్థానంలో పట్టుకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది, పారాచూట్ల కోసమే. మన హద్దుకు అవతలే, మనలాంటి ఆడవాళ్లు సాకిన పురుగుల పోగులు ఎవరెవరి ప్రాణాలు మోశాయో. అమెరికా నైలాను వైపు తిరిగింది. ఆ కొత్త గుడ్డ మనిషిని మోస్తుందో లేదో ఎవరో ఒకరు దూకి చూడాలి కదా. 1942 జూన్‌లో నైలాను పారాచూట్‌తో మొదట దూకింది ఎడలిన్ గ్రే అనే యువతి. ఆమె పారాచూట్లు మడిచి సర్దే పనిలో ఉండేది.

మన దేశంలో 1959లో భారత వైమానిక దళానికి చెందిన వైద్యురాలు, ఫ్లైట్ లెఫ్టినెంట్ గీతా చందా విమానం నుంచి దూకి దేశంలో మొదటి మహిళా పారాట్రూపర్ అయ్యారు. రైల్వేలో ఉద్యోగం చేసిన రేచల్ థామస్ 2002లో ఉత్తర ధ్రువం మీద 7,000 అడుగుల ఎత్తు నుంచి దూకారు. 2005లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. ఆమె అప్పటికి ఇద్దరు బిడ్డల తల్లి.

ఇవన్నీ విని, మా పిల్లల్ని విమానాల నుంచి దూకమంటావా తల్లీ అని మీరు అడగవచ్చు. దూకాలని ఉన్న పిల్లను దూకనివ్వండి అంటాను. దూకాలని లేని పిల్లకు కూడా టైనీ కథలో ఒక మాట ఉంది. పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నంత కాలం వాళ్ల తాడు రెండో కొస మన దగ్గర కట్టి ఉండాల్సిందే. అది ప్రేమ, అది రక్షణ. మూడుసార్లు ఆ తాడే టైనీని కాపాడింది. నాలుగోసారి అదే ఉరి కాబోయింది. కట్టిన తాడును ఎప్పుడు వదలాలో, కొసను ఎప్పుడు పిల్ల చేతికి ఇవ్వాలో మనకు తెలిసి ఉండాలి. పద్దెనిమిదేళ్లు నిండకుండా పెళ్లి చేయకూడదని చట్టం చెబుతుంది. మన పల్లెల్లో పదో తరగతి దాటకముందే సంబంధాల మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. వానలు లేక, శనగచెట్టు ఎండిపోయి, అప్పు మీద పడ్డ ఏడు ఆ మాట ఇంకా గట్టిగా వినిపిస్తుంది. ఆ ఇళ్ల కష్టం నాకు తెలుసు. అందుకే నిందించడానికి నోరు రాదు. చేతులు జోడించి అడుగుతున్నాను, పన్నెండేళ్లకు పెళ్లయి పదమూడుకు తల్లయిన ఆ పిల్ల ముఖం ఒక్కసారి తలచుకోండి.

చివరగా మా ఇంటి మాట ఒకటి చెప్పి ముగిస్తాను. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు దూరపు చుట్టం ఒకాయన నా కోసం సంబంధం పట్టుకొచ్చాడు. పిల్లవాడు మంచివాడు, పొలం ఉంది, కట్నం అడగరు అన్నాడు. నాన్న ఏమీ అనకుండా తల వంచుకుని కూర్చున్నాడు. నేను తలుపు వెనక నిలబడి వింటున్నాను. పురుగులు నాలుగో జ్వరం లేచిన రాత్రి అది. అమ్మ ఆకుబుట్ట చంకన పెట్టుకుని ఆ మధ్యలోంచి షెడ్డులోకి నడిచింది. గడప దగ్గర ఆగి, ఇటు తిరగకుండానే అన్నది, "దాని చదువు అయిపోనీ అన్నా. తర్వాత దాన్నే అడుగుదాం."

అంతే. లోపలికి వెళ్లి తట్టల మీద ఆకు పరవడం మొదలుపెట్టింది. ఆ సవ్వడి నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆకు పడగానే ఒక్క క్షణం నిశ్శబ్దం, ఆ తర్వాత వేలకొద్దీ పురుగులు ఒక్కసారిగా తినడం. తలుపు వెనక నిలబడ్డ నాకు, మా అమ్మ ఏదో నా చేతిలో పెట్టి పోయినట్టు అనిపించింది. అదేమిటో అప్పుడు పేరు తెలియదు.

ఇప్పుడు తెలుసు. కొస.